జాతి తేలని బొద్దింకను చంపరాదు

మా సోమరాజులంక పురపాలక సంఘం ఆఫీసుకు బొద్దింకలు కొత్త కాదు. భవనం కట్టినప్పటి నుంచీ ఉన్నాయి. మాలో చాలామందికంటే వాటికే సర్వీసు ఎక్కువ. ఎవరికైనా ఒకటి కనబడితే కాలి చెప్పు తీసి ఒక్కటిచ్చి, కాగితం ముక్కతో ఎత్తి కిటికీలోంచి పారేసి, మళ్ళీ పనిలో పడేవాళ్ళం. ఆ పద్ధతి ఎంత అశాస్త్రీయమైనదో మాకు చెప్పే నాథుడు లేకపోయాడు.

ఆ లోటు కమిషనర్ త్రిలోచనరావు గారు తీర్చారు. ఆయన్ని ప్రభుత్వం వారు కీటకాల శాస్త్రీయ నిర్వహణ అనే విషయం మీద మూడు రోజుల శిక్షణకు పంపించారు. మొదటి రెండు రోజులూ బొద్దింకల్లో ఏది ఏదో గుర్తుపట్టడం నేర్పారు. మూడో రోజు అవి అసలు చేరకుండా ఏం చెయ్యాలో నేర్పారట. ‘నేర్పారట’ అని ఎందుకంటున్నానంటే, ప్రయాణ భత్యం బిల్లుల మీద సంతకాలు రెండో రోజు సాయంత్రానికే అయిపోయాయి. బిల్లు మీద సంతకం పడ్డాక శిక్షణలో కూర్చోవడం మా శాఖలో ఎన్నడూ లేదు. కాబట్టి త్రిలోచనరావు గారు ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చేశారు. మూడో రోజు శాస్త్రం అక్కడే ఉండిపోయింది.

వచ్చిన మర్నాడే సిబ్బంది అందరినీ సమావేశ మందిరంలో కూర్చోబెట్టి, గోడకు రంగుల పటం ఒకటి తగిలించారు. అందులో నాలుగు బొద్దింకలు పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు వరసగా ఉన్నాయి.

"మిత్రులారా, బొద్దింక అనే మాటను మనం ఇంతకాలం చాలా బాధ్యతారాహిత్యంతో వాడాం" అని మొదలుపెట్టారు. "ఇది జర్మన్ బొద్దింక. అరంగుళానికి కాస్త అటూ ఇటూ. గోధుమరంగు. తల వెనక రెండు నల్లచారలు చూడండి. వంటిళ్ళలో, పొయ్యి దగ్గర, ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉంటుంది. ఇది అమెరికన్. ఒకటిన్నర అంగుళం పైనే. ఎర్రటి మట్టిరంగు. కాలవల్లోంచి, మురుగు గొట్టాల్లోంచి వస్తుంది, అవసరమైతే ఎగురుతుంది. ఇది ఓరియంటల్. నల్లగా నిగనిగలాడుతుంది, చల్లటి చెమ్మ కావాలి, ఎగరలేదు. ఇక ఇది రెక్కల మీద అడ్డపట్టీలున్నది. దీనికి నీళ్ళతో అంత పనిలేదు. గోడ గడియారం వెనక, బీరువా పైన, కంప్యూటర్ లోపల పొడిగా, ఎత్తుగా కాపరం పెడుతుంది."

శానిటరీ ఇన్‌స్పెక్టర్ గంధం వీర్రాజు లేచి నిలబడ్డాడు. మురుగు కాలవల మధ్య ఇరవయ్యేళ్ళుగా తిరుగుతున్నా ఇంటిపేరు చెక్కుచెదరని మనిషి.

"వీటిల్లో మనూరిది ఏదండీ?"

"అలాంటి సంకుచిత దృష్టితోనే మనం వెనకబడ్డాం, వీర్రాజు గారూ" అన్నారు కమిషనర్ గారు. వీర్రాజు కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే సర్క్యులర్ వెలువడింది. టైపు చేసింది నేనే. నేను జనరల్ సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని, కామేశం అంటారు. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, కార్యాలయ ప్రాంగణమందు ఏ బొద్దింకనైనను దాని జాతిని శాస్త్రీయముగా నిర్ధారించనిదే సంహరించరాదు. జర్మన్ జాతి ప్రజారోగ్య విభాగమునకు, అమెరికన్ జాతి ఇంజనీరింగు విభాగమునకు, ఓరియంటల్ జాతి నీటిసరఫరా విభాగమునకు, పట్టీల జాతి జనరల్ సెక్షనునకు కేటాయించడమైనది. ఒక విభాగమునకు చెందిన బొద్దింకను మరొక విభాగమువారు చంపుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణించబడును. బొద్దింక కనబడిన గదిని జాతి తేలువరకు మూసివేయవలెను."

నాకు ఈ సర్క్యులర్లో తప్పేమీ కనబడలేదు. పట్టీల జాతి గడియారాల వెనక ఉంటుంది, మా ఆఫీసులో గడియారం వైపు చూసేవాళ్ళు తక్కువ. మా సెక్షనుకు పని పెరగదని సంతోషించాను.

సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే మొదటి బొద్దింక సత్యవేణి క్యాంటీన్లో కనబడింది.

ఆఫీసు వెనక వరండా చివర గదిలో ఆ క్యాంటీన్ వాళ్ళ అత్తగారి కాలం నుంచీ నడుస్తోంది. అత్తగారు పోయాక సత్యవేణి పొయ్యి అందుకుంది. పెసరట్టు వేస్తుంది, ఇడ్లీ పెడుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా అల్లం టీ కాస్తుంది. ఆ టీ పొద్దున్న ఒకటి, పదకొండింటికి ఒకటి పడితేగాని నాకు ఫైలు మీద అక్షరాలు కనబడవు. ఆ క్యాంటీన్ లైసెన్సు ఏడాదికోసారి మార్చి నెలాఖరుకు కొత్తది చేయించుకోవాలి. దానికి ఆరోగ్య విభాగంవారి పారిశుద్ధ్య ధ్రువపత్రం కావాలి. అది లేకపోతే గదిని వేలం వేస్తారు. అప్పటికి మార్చి సగమైంది.

ఆ రోజు నేనూ, వీర్రాజూ, ఇంజనీరింగు ఏఈ గారూ టీ తాగుతున్నాం. గ్యాసు పొయ్యి పక్కనుంచి ఏదో చరచరా పరిగెత్తింది. సత్యవేణి చెప్పు తీసింది.

"ఆగమ్మా" అని వీర్రాజు అడ్డం పడ్డాడు. "ముందు అదేంటో తేలాలి."

"బొద్దింకండీ."

"అది నాకూ తెలుసు. ఏ బొద్దింకా అని."

"ఏదైతే ఏంటండీ. అన్నీ ఒకే చెప్పుకి చచ్చేవేగా."

ఈ మాట మీద చర్చ జరిగేలోపు ఆ ప్రాణి పొయ్యి కిందకు దూరిపోయింది. అసలు గొడవ అక్కడ మొదలైంది. వీర్రాజు మీసం తుడుచుకుని, "ఇది అమెరికన్. రెండంగుళాలుంటది. ఎర్రగా ఉంది, కాస్త ఎగిరింది కూడా" అన్నాడు. అమెరికన్ అయితే ఇంజనీరింగు వారిది. ఏఈ గారు గ్లాసు కింద పెట్టి, "ఎగరడమేంటండీ, గోరంత ఉంది. గోధుమరంగు. తల వెనక రెండు నల్లచారలు నా కళ్ళతో చూశాను" అన్నారు. అలాగైతే అది ప్రజారోగ్యం వారిది. అర క్షణం కనబడిన దాన్ని ఇంత వివరంగా చూసిన అధికారుల్ని నేను అంతకుముందు చూడలేదు.

వివాదం కమిషనర్ గారి దగ్గరకు వెళ్ళింది. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించి, "రెండు విభాగాల మధ్య సదరు బొద్దింక విషయమై భేదాభిప్రాయం ఉన్నందున, నిపుణుల కమిటీ తేల్చేవరకు క్యాంటీన్లో యథాతథ స్థితి కొనసాగుతుంది" అన్నారు. యథాతథ స్థితి అంటే మూసెయ్యడం.

ఆ మధ్యాహ్నమే పంచనామా చేశారు. బొద్దింకకు తిండి దొరికితే దాని సహజ లక్షణాలు మారవచ్చని పప్పూ, పిండీ, పంచదారా అన్నీ బయట పెట్టించారు. చెత్తబుట్ట ఖాళీ చేయించారు. కారుతున్న కుళాయి కట్టించారు. తూములోంచి పారిపోకుండా జాలీ బిగించారు, గొట్టాల చుట్టూ సందులకు సిమెంటు పెట్టారు. పెట్టాల్సిందల్లా పెట్టి, తలుపుకు తాళం వేసి లక్క సీలు కొట్టారు. తలుపు కింద రెండువేళ్ళ సందు మాత్రం వదిలేశారు. సీలు తాళానికి వేస్తారు గాని సందుకు వెయ్యరు. పోతూ పోతూ సత్యవేణి అలవాటు చొప్పున పొయ్యి గట్టును పొడిగుడ్డతో తుడిచి మరీ వెళ్ళింది.

మర్నాటి నుంచి నా సీటు దగ్గరకు వచ్చి నిలబడేది. "బాబాయ్ గారండీ, కమిటీ ఎప్పుడొత్తాదండీ?" అని అడిగేది. ఫైలు నడుస్తోందమ్మా అనేవాణ్ణి. "నెలాఖరైపోతే గది పోద్దండీ. మా అత్త ఊపిరంతా ఆ గదిలోనే పోసిందండీ. నాకింకో పని రాదు" అనేది. ఆ అమ్మాయిని చూస్తే నాకు జాలేసేది. టీ లేక నన్ను నేను చూసుకున్నా జాలే వేసేది.

ఫైలు నిజంగానే నడుస్తోంది. కానీ దారిలో ఒక చిక్కు వచ్చింది. రికార్డు గదిలో చిన్న చిన్న బొద్దింక పిల్లలు కొన్ని దొరికాయి. వాటికి రెక్కలు లేవు, పటంలో ఉన్నవన్నీ రెక్కలొచ్చినవి. వీర్రాజు భూతద్దం పట్టుకుని అరపూట చూసి, చెప్పలేనండీ అని చేతులెత్తేశాడు. కమిషనర్ గారు నోట్ ఫైలు మీద రాశారు. "మైనర్ల విషయమై తొందరపడరాదు. మేజర్లు అయ్యేవరకు విడివిడిగా సీసాలలో ఉంచి పోషించవలెను. పోషణ నిమిత్తం బిస్కట్లు కొనుగోలు చేయుటకు అనుమతించడమైనది." అవి పెద్దవవడానికి నెలలు పడుతుందని శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో ఉంది. ఆఫీసుకు అదేం పెద్ద ఆలస్యం కాదు.

ఈలోగా మాకు క్యాంటీన్ లేదు. కాబట్టి అందరం ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకోవడం మొదలుపెట్టాం. ఫైళ్ళు పక్కకు జరిపి బల్లల మీదే తిన్నాం. సొరుగుల్లో మిక్స్చర్ పొట్లాలు చేరాయి, ఫ్లాస్కుల్లోంచి టీ కారింది, అరటితొక్కలు చెత్తబుట్టల్లో రాత్రంతా నిద్రపోయాయి. కమిషనర్ గారైతే సొరుగు నిండా జీడిపప్పు పకోడీ పెట్టుకున్నారు. వెనక వరండాలో, సత్యవేణి గదిలో మాత్రం మెతుకు లేదు, చుక్క నీళ్ళు లేవు. తలుపు కింద రెండువేళ్ళ సందు ఉంది. బొద్దింకలకు శిక్షణ ఎవరూ ఇవ్వలేదు గాని, తిండి ఎటుంటే అటు పోవాలని వాటికి తెలుసు. వారం తిరక్కుండా పన్నుల విభాగంలో, ప్లానింగులో, నా సొరుగులో, ఎక్కడ చూసినా అవే.

మామూలుగా అయితే ఆ గదులన్నీ మూసెయ్యాలి. కానీ సర్క్యులర్ ప్రకారం ‘కనబడిన’ గదినే మూసెయ్యాలి. కాబట్టి ఎవరికీ కనబడలేదు. ఏఈ గారి భుజం మీద ఒకటి ఎక్కి కూర్చుంటే ఆయన ఎదురుగా ఉన్న నేను కిటికీ బయటకు చూశాను, నా అన్నం గిన్నెలోకి ఒకటి దిగితే ఆయన కాగితాలు వెతుక్కున్నారు. ఇంత సహకారం మా విభాగాల మధ్య ఎప్పుడూ లేదు.

నెలాఖరుకు ఒక్కరోజు ముందు కమిటీ కదిలింది. కమిషనర్ గారు అధ్యక్షులు, వీర్రాజూ, ఏఈ గారూ సభ్యులు, నేను కన్వీనరు. చేతికి తొడుగులు, మూతికి గుడ్డలు కట్టుకుని, టార్చిలైట్లు పట్టుకుని సీలు పగలగొట్టి లోపలికి వెళ్ళాం. పొయ్యి కింద చూశాం, గట్టు వెనక చూశాం, తూము జాలీ దగ్గర చూశాం. బొద్దింక కాదుగదా, బొద్దింక కాలు కూడా లేదు. ఆ వంటిల్లు మా ఇంటి వంటింటికంటే శుభ్రంగా ఉంది. ఈ మాట మా ఆవిడకు తెలియకూడదు.

సత్యవేణి గుమ్మంలో నిలబడి ఉంది. "లేవు కదండీ. మరి కాయితం ఇచ్చేయండి."

కమిషనర్ గారు శిక్షణ నుంచి వచ్చాక కొత్తగా వేయించిన ధ్రువపత్రం నమూనా తీసి చూశారు. ఆయన మొహం మారింది.

"నాలుగో గడిలో జాతి పేరు రాయాలి" అన్నారు.

"లేవని రాసెయ్యండి."

"ఏది లేదని రాయమంటావమ్మా? జర్మన్ లేదా, అమెరికన్ లేదా?"

"ఏదీ లేదండీ."

"అలా గంపగుత్తగా లేదనడానికి వీల్లేదు. ఏ జాతి లేదో ఆ విభాగం వారు ధ్రువీకరించాలి." ఆయన వీర్రాజు వైపు తిరిగారు. "మీరు జర్మన్ లేదని ఇస్తారా?"

"నేనెలా ఇస్తానండీ" అన్నాడు వీర్రాజు. "ఇక్కడ లేనిది జర్మనేనని ఆధారం ఏముంది? ఏఈ గారి అమెరికన్ లేకపోయుండచ్చు."

"లేనిది నాదని నేనొప్పుకోను" అన్నారు ఏఈ గారు.

కమిషనర్ గారు తల పంకించారు. "చూశావుగా అమ్మా. బొద్దింక కనబడాలి, దాని జాతి తేలాలి, సంబంధిత విభాగం తీసెయ్యాలి. అప్పుడు క్యాంటీన్ శుభ్రం అయినట్టు. ఇప్పుడున్నది శుభ్రమే కావచ్చు, కానీ అది ప్రక్రియ ద్వారా వచ్చిన శుభ్రం కాదు. కనీసం ఒకటైనా చూపించు."

సత్యవేణి కొంగు నడుముకి దోపుకుని, వరండా దాటి, తిన్నగా కమిషనర్ గారి ఛాంబర్లోకి నడిచింది. మేమంతా వెనకే పరిగెత్తాం. ఆవిడ సొరుగు లాగి పకోడీల పొట్లం ఎత్తింది. కింద ఒక సంసారం మొత్తం ఉంది. చిన్నవి, గోధుమరంగువి, తల వెనక రెండేసి నల్లచారలు. ఒకదాని వెనక గుడ్ల సంచి కూడా వేలాడుతోంది.

"ఇదిగోండి. ఒకటన్నారు, తవరి దగ్గర చాలానే ఉన్నాయి."

ఈసారి కిటికీ బయటకు చూడడానికి వీల్లేకపోయింది. వీర్రాజు మెల్లగా దగ్గాడు. "అయ్యా, సర్క్యులర్ ప్రకారం... కనబడిన గది..." అంటూ జేబులోంచి లక్క తీశాడు. అతను చెడ్డవాడు కాదు, రూలు తెలిసినవాడు.

కమిషనర్ గారికి చెమటలు పట్టాయి. ఛాంబరు మూస్తే ఏసీ మూతపడుతుంది, కుర్చీ మూతపడుతుంది, పై అధికారులకు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆయన అటూ ఇటూ పచార్లు చేసి, చివరికి ఆగారు. ముప్పయ్యేళ్ళ సర్వీసు ఊరికే పోదు.

"ఈ బొద్దింకలు ఛాంబరువి కావు" అన్నారు. "వీటి మాతృస్థానం క్యాంటీన్. పరిపాలనా సౌలభ్యం కోసం ఇక్కడ డిప్యుటేషన్ మీద ఉన్నాయి. వాటిని వెంటనే మాతృస్థానానికి తిప్పి పంపండి. నాలుగో గడి కూడా నిండుతుంది."

ఆ పూటంతా ఆఫీసులో డిప్యుటేషన్ల రద్దు కార్యక్రమం నడిచింది. కమిషనర్ గారి సొరుగులోంచి జర్మన్, మరుగుదొడ్డి తూములోంచి అమెరికన్, నీళ్ళ ట్యాంకు కిందనుంచి ఓరియంటల్, మా సెక్షను గోడ గడియారం వెనకనుంచి పట్టీలది, జాతికొకటి చొప్పున అట్టపెట్టెలో వేసి, పైన ‘అర్జంటు’ అని చీటీ అంటించి, వీర్రాజు రెండు చేతులా పట్టుకుని క్యాంటీన్ గుమ్మం దగ్గరకు తీసుకెళ్ళాడు. సత్యవేణి అడ్డంగా నిలబడింది. చేతిలో చీపురుంది.

"లోపలికి వదలాలమ్మా. లోపల కనబడాలి" అన్నాడు వీర్రాజు బతిమాలుతూ.

"నేను కడిగిన వంటింట్లోకి ఇవి రావండీ. లైసెన్సు పోతే పోనివ్వండి."

ఆ మాటన్నాక ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీపురు మాత్రం దించలేదు. రేపటితో గడువు. కమిషనర్ గారు గడియారం చూసుకుంటున్నారు. నాకు గుండె పట్టేసింది, రెండు వారాలుగా టీ లేక తల కూడా పట్టేసింది. ఆ రెంటి బాధతో నా బుర్ర మొదటిసారి ఆఫీసు పనికి పనికొచ్చింది.

"అయ్యా, నమూనాలో ‘లోపల’ అని లేదండీ, ‘క్యాంటీన్ నందు’ అని ఉంది" అన్నాను. "మూత బిగించిన గాజు సీసాలో కౌంటరు మీద ఉంచితే క్యాంటీన్ నందు ఉన్నట్టే. జాతి తేలినట్టే. పారిపోవు కూడా."

కమిషనర్ గారు నన్ను మెచ్చుకోలుగా చూశారు. సత్యవేణి చీపురు దించింది. "మూత నేనే బిగిస్తానండి" అని, వెళ్ళి సీసా తెచ్చింది. మూతకు గాలి కోసం సన్న సన్న చిల్లులు పెట్టి, గట్టిగా తిప్పి, ఇంకోసారి తిప్పింది. ధ్రువపత్రం మీద సంతకాలు పడ్డాయి. ఇప్పుడిక నాలుగు విభాగాలూ తమ తమ బొద్దింకల్ని తీసెయ్యడమే తరువాయి. అందుకు నాలుగు రకాల మందులకు టెండర్లు పిలవాలి.

కానీ కమిషనర్ గారు దూరదృష్టి కలవారు. వాటిని తీసేస్తే వచ్చే మార్చిలో నాలుగో గడి మళ్ళీ ఖాళీ అవుతుంది. మళ్ళీ ఈ తలనొప్పి ఎవరు పడతారు? అందుకని ఏప్రిల్ ఒకటో తారీకున ఆయన మరో ఉత్తర్వు ఇచ్చారు. దాన్ని కూడా నేనే టైపు చేసి, నేనే పట్టుకెళ్ళాను.

క్యాంటీన్ తెరిచి ఉంది. అల్లం వాసన వరండా అంతా కమ్ముకుంది. సత్యవేణి నా చేతికి టీ గ్లాసిచ్చి కాగితం తీసుకుంది. మొదటి గుక్క లోపలికి దిగుతుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆవిడ కాగితం ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివింది.

"బాబాయ్ గారండీ, నాకు సరిగా అర్థమైందో లేదో చెప్పండి. నా లైసెన్సేమో తాత్కాలికం, అవి బతికున్నంతవరకే, అదీ ఏడాదికే. అంతేనాండీ?"

అంతేనమ్మా అన్నాను.

"ఆ సీసాలో వాటివేమో శాశ్వత ప్రాతిపదికన నాలుగు పోస్టులు. ఒకటి పోతే ఖాళీ వెంటనే భర్తీ చేత్తారు. బిస్కట్లు ఆఫీసు ఖర్చు."

అవునన్నాను. ఆవిడ కాగితం మడిచి, నా గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.

"మా అత్త ముప్పయ్యేళ్ళు చేసింది, నేను పన్నెండేళ్ళు చేశాను. మమ్మల్నెవరూ పర్మినెంటు చెయ్యలేదండీ. మేవు బొద్దింకలం కాదని ముందే తెలిసిపోయినట్టుంది."